రికార్డు లభించలేదు

"ముద్దనూరు దాటినా సార్. గంటలో మీకాడుంటా" అని శివమ్మ ఫోను పెట్టేసింది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. నా బల్ల మీద పదకొండు పేజీలు బోర్లించి ఉన్నాయి. ప్రింటర్‌లోంచి వచ్చినప్పుడు వెచ్చగా ఉన్నాయి, ఇప్పుడు మామూలు కాగితాల్లాగే చల్లబడ్డాయి, ఫ్యాను గాలికి అంచులు లేస్తుంటే పైన స్టాప్లర్ పెట్టాను. పరీక్షలు అయిపోయి కాలేజీకి సెలవులిచ్చారు, పైగా ఎలక్షన్లు, బయట రోడ్డు మీద ప్రచారం ఆటోలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఒక పార్టీ పాట పూర్తిగా వినబడకముందే ఇంకో పార్టీ పాట దాని మీద పడుతోంది. ప్రొద్దుటూరు ఏప్రిల్ ఎండ కిటికీ అద్దాల మీద తెల్లగా ఉంది. లైబ్రరీలో నేనొక్కడినే. పాతికేళ్ళు దాటింది నేను ఈ కాలేజీకి లైబ్రేరియన్‌గా వచ్చి, కుర్చీ రెండుసార్లు మారింది గాని కూర్చునే చోటు మారలేదు. ఇలాంటి రోజున గుండె కొట్టుకోవాలి, చేతులు వణకాలి, అనుకుంటూ చేతులు చూసుకున్నాను. వణకడం లేదు. గోళ్ళు పెరిగాయి, ఆదివారం చర్చికి పోయేముందు తీసుకోవాలి.

సోమవారం వచ్చింది ఆ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని ముప్పై దాటి ఉంటాయి, పులివెందుల డిపోలో కండక్టరు, డ్యూటీ దిగి వచ్చిందేమో చీర మీద ఖాకీ చొక్కా అట్లాగే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు, బస్సులో నిలబడే అలవాటు కాబోలు, బల్ల అంచు పట్టుకుని నిలబడే మాట్లాడింది. "మా నాయన కేసు కాయితం కావాల సార్. కోర్టులో ఏం రాసినారో అది" అంది. ఎప్పటిదమ్మా అన్నాను. "నాకు రెండేండ్లప్పుడు. మా నాయన పేరు నారాయణ. జమ్మలమడుగులో చంపినారు, లైబ్రరీ ముందర. ఫోన్లో శానా ఎతికినా సార్. పేరు కొడితే దేవుడి పాటలు వస్తాండాయి, కాలేజీల అడ్వటైజుమెంట్లు వస్తాండాయి. మా నాయన మాత్రం యాడా రాల్యా." కేసు నంబరు తెలుసా అని అడిగాను, తెలియనివాడు అడిగినట్టే అడిగాను, గొంతు కూడా మారలేదు. "తెల్దు సార్. మా చిన్నాయన్ను అడిగితే ఆ కాయితాలన్నీ చెదలు తినేసినాయి, ఎందుకులే పాపా అంటాడు." చూస్తాను అన్నాను. ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళిపోయింది. నారాయణను చంపినప్పుడు జమ్మలమడుగులోని ఆ లైబ్రరీలో పనిచేస్తున్నది నేనే. ఆ కేసులో మూడో సాక్షిని నేనే. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు. లేదు, దొరకదు అని ఒక్క మాట అని ఉంటే పులివెందుల బస్సెక్కి పోయేది. ఎందుకు అనలేదో ఈ నాలుగు రోజుల్లో చాలాసార్లు ఆలోచించాను, ఏమీ తట్టలేదు, చిన్నప్పుడు అర్థం కాని లెక్కను చూస్తూ కూర్చున్నట్టే ఉంది.

ఆమెను నా దగ్గరికి పంపింది మెహబూబున్నీసా. మెయిన్ బజారు వెనక సందులో జాకెట్లు కుడుతుంది, కుట్టినవి అంగళ్ళకు ఇవ్వడానికి పులివెందులకు పోతూ వస్తూ శివమ్మ బస్సే ఎక్కుతుంది. నిరుడు ఏదో ఆఫీసులో వాళ్ళమ్మ పేరు పాత ఓటర్ల జాబితాలో చూపించమంటే ఊరంతా తిరిగి, నెట్ సెంటర్లలో వెతికించి, ఎక్కడా లేదంటే చివరికి కాలేజీలో లైబ్రరీ సారు ఉన్నాడని ఎవరో చెబితే వచ్చింది. గంటన్నర పట్టింది. ఆ జాబితాను ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు, అక్షరాలు కాదు బొమ్మలు, ఒక్కో పేజీ తెరిచి కళ్ళతో చదవాల్సిందే, పందొమ్మిదో పేజీలో కిందినుంచి నాలుగో వరుసలో వాళ్ళమ్మ పేరు కనబడింది. వేలు పెట్టి చూపించాను. ఆమె తెర మీద ఆ పేరును చీర కొంగుతో తుడిచింది, దుమ్ము అనుకుందో ఏమో. మరునాడు గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చింది. అప్పటినుంచి ప్రొద్దుటూరులో ఎవరికి ఏ పాత కాగితం కావాలన్నా నా దగ్గరికి పంపుతుంది, లేనిదాన్ని కూడా తీస్తాడప్పా ఆ సారు అని చెబుతుందట.

లేనిదాన్ని ఎవరూ తీయలేరు. ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లలకు నేను ఒక గంట పాఠం చెబుతాను, సిలబస్‌లో లేదు, నా అంతట నేను పెట్టుకున్నదే. గూగుల్లో రానిది లోకంలో లేదనుకోకండి అని మొదలుపెడతాను. ఆ యంత్రం ఆర్టీసీ బస్సు లాంటిది, రోడ్డు ఉన్న ఊరికే పోతుంది, ఒక ఊరినుంచి ఇంకో ఊరికి దారి కనబడితే పోతుంది, చక్రాయపేట పక్క రోడ్డు పడని పల్లెలు ఎన్ని లేవు, బస్సు పోనంత మాత్రాన అక్కడ మనుషులు లేరా అంటాను. పిల్లలు నవ్వుతారు. కొన్ని పేజీలు ముందే రాసి పెట్టి ఉండవు, జిల్లా పేరు, సంవత్సరం, నంబరు ఇచ్చి అడిగితే అప్పటికప్పుడు తయారవుతాయి, అడిగే నోరు బస్సుకు లేదు, మనకు ఉంది. కొన్ని ఫొటోలుగా ఉంటాయి, యంత్రానికి అవి గోడ మీది మరకలతో సమానం. కొన్ని సభ్యులకే తెరుచుకుంటాయి. వీటిల్లో వేటినీ ఎవరూ దాచలేదు, అడిగే పద్ధతి తెలియాలి, అంతే, అని ముగిస్తాను. చివరి బెంచీలో ఎవరో ఒకరు ఆవలిస్తారు. నా మాటలు నేనే వింటూ ఉంటాను, ఎవరో మంచి మాస్టారు చెబుతున్నట్టు ఉంటుంది.

నూట పన్నెండు బై తొంభై ఆరు. ఇది ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. నా పెళ్ళి తేదీ కోసం ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తుంది గాని ఈ నంబరు అడక్కుండానే వస్తుంది, సమన్ల మీద నీలం సిరాతో రాసి ఉండేది, అప్పటి గుమాస్తా రెండు అంకెను బాతులాగా రాసేవాడు. కోర్టు కేసులు కంప్యూటర్లో చూసుకోవచ్చని తెలిసిన ఏడాది, పని లేని ఒక మధ్యాహ్నం మొదటిసారి కొట్టాను. జిల్లా, కోర్టు, కేసు రకం, నంబరు, సంవత్సరం, ఆ తర్వాత నువ్వు మనిషివేనా అని అడుగుతూ వంకర అక్షరాలు. సరిగ్గా చదివి కొట్టాను. రికార్డు లభించలేదు అని వచ్చింది. టీ తాగడానికి పోయాను. ఆ తర్వాత నెలకోసారి, రెండు నెలలకోసారి, పదేళ్ళ పాటు అదే పని. జనమంతా దొరకడానికి వెతుకుతారు, నేను దొరకలేదని చూసుకోవడానికి వెతికేవాణ్ణి. రికార్డు లభించలేదు అని చూసినప్పుడు ఊరట కలిగిందని చెప్పడానికి కూడా లేదు, రాత్రి పడుకునేముందు గ్యాస్ ఆపామా అని చూసుకుంటామే, అలాంటిది. మొన్న ఫిబ్రవరిలో కొడితే చక్రం కొంచెం ఎక్కువసేపు తిరిగి, తీర్పు తెరుచుకుంది. పాత కట్టలన్నీ ఫొటోలు తీసి పెడుతున్నారని పేపర్లో చదివాను గాని మాది పాత కట్ట అన్న సంగతి తట్టలేదు. టైపు మిషన్ అక్షరాలు, సీళ్ళు, పురుగు కొట్టిన చిల్లులు, నాలుగో పేజీ మూలన ఫొటో తీసినవాళ్ళ బొటనవేలు. అప్పుడు చదవలేదు. మూసేసి వచ్చిన పత్రికలకు ముద్రలు వేశాను. శివమ్మ ఫిబ్రవరికి ముందు వచ్చి ఉంటే ఆమె కళ్ళముందే కొట్టి చూపించేవాణ్ణి, చూడమ్మా, లేదు అని, అది అబద్ధం కూడా అయ్యేది కాదు.

పదిన్నర దాటింది. పొద్దున నా భార్య దేవకుమారి క్యారియరు చేతికిస్తూ ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఆమెకు తెలిసింది ఇంతే, పెళ్ళికి ముందు ఏదో కేసులో సాక్షిగా పిలిచారట, అయిపోయిందట. ఇరవై అయిదేళ్ళలో ఆమె దాని గురించి అడగలేదు, ఆమె పుట్టింటివాళ్ళూ జమ్మలమడుగు మిషన్ వాళ్ళే, మా వాళ్ళు కొన్ని అడగరు. మా నాయన జయరాజు కూడా అడగలేదు, ఒక్కసారే అడిగాడు.

నారాయణ మా లైబ్రరీకి పేపరు చదవడానికి వచ్చేవాడు. లైబ్రరీ అంటే పెద్దదేమీ కాదు, బస్టాండు వెనక ఒక ట్రస్టువాళ్ళు నడిపే రెండు గదుల పఠనమందిరం, నేను బీఏ పాసై దినకూలీ మీద అక్కడ చేరాను. నారాయణ వాళ్ళ ఊళ్ళో పేపరు ఒక్క ఇంటికే వచ్చేది, ఆ ఇల్లు అవతలి పార్టీది, అందుకని వారానికి రెండు మూడుసార్లు పదకొండు కిలోమీటర్లు సైకిలు తొక్కి మా దగ్గరికి వచ్చేవాడు. వెనక పేజీ నుంచి మొదలుపెట్టి ముందుకు చదివేవాడు, పెదాలు కదిలేవి. తొంభై నాలుగు డిసెంబరు ఎలక్షన్లలో తన పార్టీకి ఏజెంటుగా బూత్‌లో కూర్చున్నాడు. వేరేవాడి ఓటు వేయడానికి వచ్చిన ఒకణ్ణి పేరు పెట్టి పిలిచి, నువ్వు ఫలానావాడి కొడుకువి గదప్పా, చచ్చిపోయినోళ్ళ పేరెందుకు చెప్తాండావు అన్నాడట. బూత్‌లో ఉన్నవాళ్ళందరూ నవ్వారట. అంతే. ఆ నవ్వుకు నెల తిరిగింది. జనవరిలో ఒక పొద్దున పేపరు చదివి, మడిచి, స్టాండులో పెట్టి, పోయొస్తానప్పా అని మెట్లు దిగాడు. జీపు ఆగింది. మొదటి బాంబుకు కిటికీ రెక్క ఊగింది, మందు వాసన, పొగ, పొగలోంచి నలుగురు, అందులో ఇద్దర్ని నేను ఎరుగుదును, ఒకడు ఎనిమిదో తరగతి దాకా మిషన్ స్కూల్లో నా పక్క బెంచీ, లెక్కల్లో నా దగ్గర చూసి రాసేవాడు. కిటికీ దగ్గర నిలబడి చూశాను. చూశాననే సంగతిలో అప్పుడూ ఇప్పుడూ నాకు అనుమానం లేదు. ఆ తర్వాతి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆగుతుంది, బలవంతంగా ఆపడం లేదు, దానంతట అదే ఆగి వేరే దారి పట్టుకుంటుంది, ఇప్పుడు కూడా ప్రచారం ఆటో పాట మీదికి పోయింది, ఈ పాట గాయకుడికి ముక్కు పట్టేసినట్టుంది.

ఆ సాయంత్రం పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పాను. నలుగురు అన్నాను, ఇద్దరి పేర్లు చెప్పాను. ఇరవై ఆరేళ్ళ వయసు, అడిగారు, చెప్పాను. విచారణ మూడేళ్ళకు గాని రాలేదు. ఆ మూడేళ్ళలో అటువాళ్ళవి ఇటు, ఇటువాళ్ళవి అటు కేసులు పేరుకుపోయాయి, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసుకున్నారు, మీ కేసులో మావాళ్ళు నోరు తెరవరు, మా కేసులో మీవాళ్ళు నోరు తెరవరు అని. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఒక ఆదివారం మధ్యాహ్నం తెల్లబట్టల మనిషి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ రూతమ్మ కాఫీ ఇచ్చింది. నులకమంచం మీద కూర్చుని పెరట్లో జామచెట్టు బాగా కాసిందన్నాడు. "పిల్లోడికి పెండ్లెప్పుడు జయరాజూ" అన్నాడు. "ప్రొద్దుటూరు కాలేజీలో లైబ్రరీకి మనిషి కావాలంటాండారు. మనోడికి డిగ్రీ ఉండాది గదా" అన్నాడు. కాఫీ బాగుంది తల్లీ అని గ్లాసు కింద పెట్టి పోయాడు. కేసు మాట ఒక్కటి ఎత్తలేదు. ఒక బెదిరింపు లేదు. ఎవరన్నా కత్తి చూపించి ఉంటే ఇన్నాళ్ళూ ఆ కత్తిని చెప్పుకునేవాణ్ణేమో. మా నాయన జామచెట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు.

కోర్టులో దేవుని ఎదుట ప్రమాణం చేసి చూడలేదన్నాను. పోలీసులకు చెప్పావు గదా అంటే చెప్పలేదన్నాను. వకీలు గారు సాక్షి ఎదురుతిరిగాడని రాసుకోమన్నారు. మొత్తం నాలుగు నిమిషాలు. నేను ఊహించినదాని కంటే బోను ఎత్తు తక్కువగా ఉంది. బయటికి వస్తే వేపచెట్టు నీడలో ఒక ఆడమనిషి, నారాయణ భార్య యశోదమ్మ, పక్కన ఐదేళ్ళ పిల్ల ఐసుపుల్ల చీకుతోంది, మోచేతి దాకా రంగు కారుతోంది. ఆ పిల్లే సోమవారం నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. యశోదమ్మ నన్ను చూసింది, కోపంగా కాదు, బస్సు తప్పిపోయినప్పుడు పోతున్న బస్సును చూసినట్టు చూసింది. ఆ రాత్రి మా నాయన "ఏం చెప్పినావు?" అని అడిగాడు. చూడలేదన్నానని చెప్పాను. సరేనని లేచి కోళ్ళను గంప కింద మూశాడు. జూన్‌లో కాలేజీ ఆర్డరు వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, లేదని కూడా ఎవరూ అనలేదు.

ఫోను మోగింది. "ఎర్రగుంట్ల గేటు పడింది సార్, గూడ్సు పోతాండాది. ఇరవై నిమిషాలు లేటు. మీరు పోరు గదా?" పోనన్నాను. స్టాప్లర్ తీసి పేజీలు తిప్పాను. నేను ఉన్నది ఏడో పేజీ. మొదటి పేజీ నుంచి పదకొండో పేజీ దాకా నంబర్లు ఉన్నాయి, ఏడు లేకపోతే తెలుస్తుంది, కానీ పాత కట్టల్లో పేజీలు పోవడం మామూలే, పురుగు కొట్టిందమ్మా అంటే నమ్ముతుంది, వాళ్ళ చిన్నాయన చెదలు అన్నప్పుడు నమ్మలేదు గాని నా మాట నమ్ముతుంది, నేను సారును. ఏడో పేజీని విడిగా తీసి సొరుగులో పెట్టి మిగిలిన పది సరిచేశాను. సిగ్గు వస్తుందేమోనని చూశాను, భయం వస్తుందేమోనని చూశాను. కాలికి తిమ్మిరెక్కినప్పుడు గిచ్చి చూసుకుంటే అది వేరేవాళ్ళ కాలులాగా ఉంటుంది గదా. సొరుగు తీసి ఏడో పేజీని మళ్ళీ ఆరుకూ ఎనిమిదికీ మధ్య పెట్టాను. మంచివాణ్ణి కాబట్టి పెట్టానని అనుకోవడం లేదు. పేజీలు వరసలో లేకపోతే నాకు తోచదు, అది వృత్తి.

పదకొండున్నరకు వచ్చింది. ఈసారి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, సీసాలో నీళ్ళు తాగి, మూత బిగించి, "దొరికిందా సార్?" అంది. దొరికిందన్నాను. "ఇంగ్లీషు నాకు అంతగా రాదు. మీరే చదివి చెప్పండి" అంది. చెప్పాను. మృతుడు నారాయణ, వయసు ఇరవై ఎనిమిది. అక్కడ ఆపింది. "ఇరవై ఎనిమిదా. నాకంటే మూడేండ్లు చిన్నోడు" అంది. ఒకటో సాక్షి మృతుని తమ్ముడు, ఆ రోజు తాను చేనులో ఉన్నానని, అన్నను ఎవరు చంపారో తనకు తెలియదని చెప్పాడు. "ఇంగోసారి చదువు సార్." ఇంకోసారి చదివాను. బయట ఆటో ఆగి మైకులో ఎవరో పేరు చెబుతున్నారు. "నన్ను సదివిచ్చింది ఆ చిన్నాయనే. పెండ్లి చేసింది ఆయనే" అంది. కాసేపు సంచి జిప్పు తీసి వేసింది. "సరే. చదువు." రెండో సాక్షి టీ అంగడి యజమాని, చూడలేదు. పేజీ తిప్పాను. మూడో సాక్షి లైబ్రరీలో పనిచేసే వ్యక్తి, లోపల పేపర్లు సర్దుకుంటున్నానని, శబ్దం విన్నానని, తలుపులు మూసి ఉన్నందున ఏమీ చూడలేదని చెప్పాడు. ఇక్కడ ఆపి నాలుగో సాక్షికి పోవచ్చు. ఆమె పేర్లు అడగడం లేదు. "పేరు ప్రభాకర్, తండ్రి జయరాజు. అది నేనేనమ్మా" అన్నాను.

"మీరా" అంది. అడిగినట్టు లేదు, టికెట్టు కొట్టేముందు ఊరి పేరు తిరిగి పలికినట్టు ఉంది. నా మొహం కేసి కాకుండా కాగితం కేసి చూసింది, ఇంగ్లీషు సరిగా రాకపోయినా నా పేరు ఎక్కడుందో వేలితో వెతికింది. చూపించాను.

"చూసినారా, చూల్యా?"

"చూసినా" అన్నాను. ఇన్నేళ్ళుగా సార్ల భాష మాట్లాడిన నోట్లోంచి మా ఊరి మాట వచ్చింది.

"ఎవరనేది నాకు తెలుసు. ఊరంతా తెలుసు. అందులో ఇద్దురు పోయినారు, ఒకాయన మంచంలో ఉండాడు. దానికోసరం కాదు నేను వచ్చింది" అంది. "మాయమ్మ పోయేముందర ఒకటే అడుగుతాన్యాది. ఆ మనిషి ఎంటనే పోయినాడా, శానాసేపు ఉన్యాడా అని. దాంట్లో ఏమని రాసినారు?"

అక్కడికక్కడే మరణించెను అని రాసి ఉంది. అదే చెప్పాను.

"నిజమేనా?"

ఫ్యాను తిరుగుతోంది. కాదన్నాను. ఆ తర్వాత చెప్పింది నేనేనా అని అనుమానం, గొంతు నాదే, ఎక్కడా తొట్రుపడలేదు. జీపు పోయినాక లేచినాడమ్మా, మెట్లెక్కి వాకిలి దాకా వచ్చినాడు, తలుపు మీద చేత్తో కొట్టినాడు, రెండుసార్లు. ఏమన్నా అన్యాడా అని అడిగింది. అన్యాడు. ఏమన్యాడు అంది. "‘అప్పా, నేను నారాయణను’ అన్యాడు. ఎవరో తెలీక తలుపు తీయలేదనుకున్యాడేమో." మళ్ళ? "మళ్ళ ఏమీ అనలేదు. జీపు తిరిగొస్తుందేమో అని నేను గోడకు ఆనుకోని నిలబడుకున్యా. శానాసేపటికి పోలీసులు వచ్చి పిలిస్తే తీసినా."

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని కూడా నాకు అనిపించలేదు, ఏమీ అనిపించలేదు, ఆమె మెడలో చెమట కారి ఖాకీ కాలరు తడవడం మాత్రం చూశాను. "రాసియ్యి" అంది. సార్ అనలేదు. "ఇప్పుడు చెప్పిందంతా రాసియ్యి. తెలుగులో రాయి, నా బిడ్డ చదవాల. దీనెనక పెట్టుకుంటా."

తెల్ల కాగితం తీసుకున్నాను. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, బోనులో అడిగిన వరసలోనే రాశాను. ఆ పొద్దున నారాయణ చదివిన పేపరు మడిచి పెట్టడం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాశాను, ఒక పేజీ నిండి వెనక్కి తిప్పాల్సి వచ్చింది. నలుగురి సంగతీ రాశాను, నాకు తెలిసిన ఇద్దరి పేర్లూ రాశాను. కింద సంతకం పెట్టి ఆమె వైపు జరిపాను. ఆమె వేలు వరస కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ, తొందరపడకుండా చదివింది. వెనక వైపు సగంలో వేలు ఆగింది.

"‘తలుపులు వేయబడి ఉండెను’ అని రాసినావు. ఎవరేసినారు?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆ మాటలు కొట్టేసి, పైన జాగా తక్కువుంటే చిన్న అక్షరాలతో, తలుపు నేను వేసినాను, గడియ నేను పెట్టినాను, పిలిచినా తీయలేదు అని రాశాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని చూసింది.

"తేదీ కూడా ఎయ్యి."

"ఆ దినానిదా, ఈ దినానిదా?" అని అడిగాను.

"రెండూ ఎయ్యి" అంది.